కలశంలోకి రాని పిల్ల

మా అత్తయ్య రోజూ సాయంత్రం గుడికి రెండు ఆకులు పట్టుకెళ్ళేది. అడ్డాకులు పుల్లలతో కుట్టుకునేది. ఒకటి పెద్దది, ఒకటి అరచెయ్యంత. పెద్దాకులో అమ్మవారికి అటుకులూ బెల్లం. చిన్నాకులోనూ అవే, కాకపోతే బెల్లం కాస్త ఎక్కువ. దీపం వెలిగించి పెద్దాకు అమ్మవారి ముందు పెట్టేది. చిన్నాకు మాత్రం పక్కకి, గోడ వారగా జరిపేది.

ఆ చిన్నాకు ఎవరికో, నా పెళ్ళయిన కొత్తలోనే మా ఆయన చెప్పాడు. ఆయనకంటే ముందు ఒక అక్క పుట్టింది. మాటలు వచ్చీ రాని వయసులో ఆ పిల్లకి ఒళ్ళంతా అమ్మవారు పోసింది. ఆస్పత్రికి తీసుకెళ్ళమని కొందరు, అమ్మవారు పోసినప్పుడు సూదిమందు కూడదని కొందరు. అందరి మాటా విని విని, చివరికి అత్తయ్య పిల్లని భుజాన వేసుకుని గుడికి తీసుకొచ్చి, అమ్మవారి ముందు వేపాకు పరిచి పడుకోబెట్టింది. పిల్ల అక్కడే పోయింది. నేనైతే మళ్ళీ ఆ గుడి మొహం చూసేదాన్ని కాదు. అత్తయ్య మాత్రం ఆ మర్నాటి నుంచి దీపం మొదలెట్టింది. పిల్ల అమ్మవారి దగ్గరే ఉందని ఆవిడ నమ్మకం. మా ఇంట్లో అందరికీ ఈ సంగతి తెలుసు, ఎవరూ ఎత్తరు.

గుడి అంటే పెద్ద గుడేం కాదు. నర్సీపట్నం నుంచి గొలుగొండ వెళ్ళే రోడ్డులో, ఊరు దాటే చోట, మా ఇంటికి ఎదురుగా కాస్త పక్కన ఉండేది. వాకిలి నడుం ఎత్తే. ఎంత గొప్పవాడైనా వంగి వెళ్ళాల్సిందే. లోపల ఎండాకాలంలో కూడా చల్లగా, పసుపూ నూనె జిడ్డూ కలిసిన వాసన. అమ్మవారు మనిషి రూపంలో చెక్కిన విగ్రహం కాదు, మోకాలెత్తు రాయి. దానికి పసుపు పూసి, వెండి కళ్ళు అతికించారు. సాయంత్రం పూట రోడ్డు మలుపు తిరిగే బండి లైటు ఆ కళ్ళ మీద పడేది. చీకట్లో ఆ రెండు కళ్ళూ ఒక్కసారి వెలిగి, మిమ్మల్ని చూసి, ఆరిపోయేవి. నాకు ఆ గుడంటే భక్తికన్నా బెరుకే ఎక్కువ. దణ్ణం పెట్టేటప్పుడు కూడా ఆ గోడ వార వైపు చూసేదాన్ని కాదు.

రోడ్డు వెడల్పు చేస్తామని వచ్చారు. గుడి సరిగ్గా కొత్త రోడ్డు మధ్యలోకి వస్తుంది. ఊళ్ళో కొన్నాళ్ళు అరుచుకున్నారు, తరవాత రోడ్డు అవతల, కాస్త ముందుకి, పెద్ద గుడి కట్టించుకుందామని గుడి కమిటీ పెద్దాయన అందరినీ ఒప్పించాడు. గ్రానైటు, గోపురం, టైల్సు అనేసరికి అరిచినవాళ్ళంతా చల్లబడ్డారు. ఇక మిగిలింది అమ్మవారిని ఒప్పించడం.

మా వైపు అమ్మవారిని ఏదైనా అడగాలంటే పువ్వు అడుగుతారు. తడి పసుపు అద్దిన రాయి నెత్తి మీద మందారం పెట్టి, ఎదురుగా కూర్చుంటారు. పువ్వు కుడివైపు పడితే సరే అన్నట్టు, ఎడమవైపు పడితే కాదన్నట్టు. అమ్మ ఒప్పుకుంటే పూజారి మంత్రాలు చదివి, రాతిలో ఉన్న కళని, అంటే అమ్మనే, నీళ్ళు నింపిన కలశంలోకి దింపుతాడు. కొత్త గుడి అయ్యేదాకా ఆ కలశమే అమ్మ.

పువ్వు అడిగిన రోజు పొద్దున్నే ఊరంతా అక్కడే ఉంది. వాకిలి చిన్నది కావడంతో లోపల పూజారి, పెద్దాయన, అత్తయ్య. నేను గుమ్మం దగ్గర వంగి నిలబడ్డాను. నా భుజం మీంచి ఎవరిదో ఫోను వీడియో తీస్తోంది.

"అమ్మా, నీకిష్టమయితే కుడి పక్క పువ్వియ్యి. నేకపోతే ఎడం పక్కియ్యి. ఏటీ ఇయ్యకుండా మాత్రం మమ్మల్ని కూకోబెట్టకు తల్లీ" అన్నాడు పూజారి.

అమ్మవారు మమ్మల్ని కూర్చోబెట్టింది. మాటలు ఆగిపోయాయి. పిల్లలు కూడా ఊరుకున్నారు. అందరి కళ్ళూ ఆ ఎర్రపువ్వు మీదే. అది కదలదు. నడుం లాగేస్తోంది, అయినా కదలడానికి నాకు భయం వేసింది. అప్పుడు గ్రావెల్ లోడు టిప్పరొకటి హారను కొట్టుకుంటూ గుడి పక్కనుంచి వెళ్ళింది. నేల అదిరింది, పైన గంట దానంతటదే సన్నగా మోగింది. పువ్వు కుడివైపు రాలింది.

డప్పులు మోగాయి. అత్తయ్య ఒక్కర్తే లేవలేదు. "లారీకి పడ్డాది గానీ, అమ్మ ఇచ్చినాదేటి?" అంది.

పెద్దాయన తడుముకోలేదు. "ఆ టయానికి లారీని పంపినదెవులు? నువ్వా, నానా? అమ్మే గదా" అన్నాడు. ఆ మాటకి ఎదురు చెప్పడం ఎవరి తరమూ కాదు. నాకు నవ్వొచ్చింది, అప్పటికింకా నవ్వు వచ్చేది.

పూజారి రాతికీ కలశానికీ మధ్య పసుపుదారం కట్టి, ఏదేదో చదివి, చివరికి దారం తెంపాడు. కలశం ఎత్తి బయటికి తెచ్చి, రాయి వైపు వెనక్కి చూడకుండా, "అయిపోనాది. ఇంకందులో ఏటీ నేదు. ఉత్తి రాయి" అన్నాడు.

నన్ను మొదట కలవరపెట్టింది ఆ మాటే. పొద్దున్నదాకా తలస్నానం చెయ్యకుండా ఆ రాయిని ముట్టుకునే ధైర్యం ఎవరికీ లేదు. మధ్యాహ్నం గోడలు పడగొట్టాక కూలీ ఒకాయన దానికి వీపు ఆనించుకుని కూర్చుని అన్నం తిన్నాడు, తిని, మంచినీళ్ళ సీసా దాని నెత్తి మీద పెట్టాడు. పువ్వు పెట్టిన చోటే. ఎవరూ ఏమీ అనలేదు. ఆ రాయి అదే, మసిబారిన ఆ పసుపు అదే. వెండి కళ్ళు మాత్రం పీకేశారు, ఆ చోట తెల్లటి గుంటలు రెండు ఉన్నాయి. తాడు వేసి ట్రాలీలోకి లాగి, తాండవ ఏటి నీళ్ళలో వదిలి వచ్చారు. మరి నేను ఇన్నేళ్ళూ దణ్ణం పెట్టింది దేనికి అని నాలో నేనే గొణుక్కున్నాను. దారం తెగితే పోయేదైతే, అది అంత గట్టిదెలా అవుతుంది?

కలశం ఉంచడానికి కొత్త గుడి స్థలంలో వేసిన రేకుల షెడ్డులోకి వాననీళ్ళు వచ్చేశాయి. ఇన్నేళ్ళు దీపం పెట్టింది మా అత్తయ్యే కాబట్టి, కలశం మా ఇంట్లో ఉంచుదామన్నారు. నన్ను అడిగినవాళ్ళు లేరు. వీధిగదిలో టీవీ తీసేసి, ఆ బల్ల మీద బియ్యం పోసి, కలశం నిలిపారు. చుట్టూ మామిడాకులు, పైన కొబ్బరికాయ. దానికి ఎదురుగా నా కుట్టుమిషను.

నా బతుకు తెరువే ఆ మిషను. అయినా ఆ గదిలో తొక్కలేకపోయాను. చప్పుడు చెయ్యాలంటే ఎవరో నిద్రపోతున్న గదిలో ఉన్నట్టుండేది. రోడ్డు మీద బండి వెళ్ళినప్పుడల్లా మామిడాకుల చివర్లు వణికేవి. బండి వెళ్ళిపోయాక కూడా కాసేపు వణుకుతూనే ఉండేవి. జాకెట్టు బిగువైందని గొడవకి వచ్చే ఆడవాళ్ళు గుమ్మంలో చెప్పులు విప్పి, గొంతు తగ్గించి, "పర్లేదులే" అని పట్టుకుపోయేవారు. అదొక్కటే నాకు కలిసొచ్చింది. ఒక మధ్యాహ్నం ఒక్కదాన్నే బొత్తాలు కుడుతుంటే, కొబ్బరికాయ కలశం అంచుకి తగిలి టక్కుమంది. "ఆఁ?" అన్నాను నేను, ఎవరో పిలిస్తే పలికినట్టు. సూది అక్కడే వదిలేసి వంటింట్లోకి వెళ్ళిపోయాను.

ఇంతా జరిగితే, అత్తయ్య ఆ కలశం ముందు పెద్దాకు ఒక్కటే పెట్టేది. దీపం వెలిగించి, చిన్నాకు చేత్తో పట్టుకుని వీధిలోకి వెళ్ళేది. గుడి ఉన్న చోట అప్పటికి కంకర కుప్పలు తప్ప ఏమీ లేవు. అక్కడ నేల మీద ఆకు పెట్టి, కాసేపు వంగి నిలబడి, వచ్చేసేది.

"అమ్మవారు ఇంట్లో ఉంటే అక్కడికెందుకు అత్తయ్యా?" అన్నాను.

"అమ్మ వచ్చినాదో రానేదో నాకు తెల్దు. పెద్దోలు వచ్చినాదంటన్నారు, వచ్చే ఉంటాది. నా పిల్ల గుంట మాత్రం రానేదు."

"అదేంటి?"

"దాన్ని అడిగినోలెవులు? అమ్మకయితే పువ్వు పెట్టి అడిగారు, డప్పులు కొట్టి తెచ్చారు. దాని ఊసు ఎవులైనా ఎత్తారేటి? సిన్నపిల్ల. దానికేటి తెలుస్తాది, అమ్మ సెంబులోకి ఎల్లిపోనాదని?"

ఇంటిల్లిపాదికీ ఆ పిల్ల సంగతి తెలుసు, ఎవరికీ తట్టలేదు. తట్టినా పూజారిని ఏమని అడుగుతాం?

ఆవిడని రోడ్డు మీదికి వెళ్ళకుండా ఆపాలని చిన్నాకు నేనే కుట్టి, అటుకులూ బెల్లం పెట్టి, కలశం పక్కన గోడ వారగా ఉంచాను. మర్నాడు అత్తయ్య నన్ను పిలిచి చూపించింది. ఆకు పెట్టింది పెట్టినట్టే ఉంది. బెల్లం మీద ఒక్క చీమ లేదు.

"సూడు. ఇక్కడ తిన్నేదు. అక్కడయితే ఆకు కాళీ అయిపోతంది."

"అక్కడ కుక్కలు తింటాయి అత్తయ్యా. ఇక్కడ నేను చీమల మందు గీత గీశాను, అందుకే రాలేదు" అన్నాను విసుగ్గా. అన్నందుకు తడిగుడ్డతో గీతంతా తుడిచేశాను. మరో ఆకు పెట్టాను. మా ఇంట్లో చక్కెర డబ్బా మూత తీసి పక్కకి తిరిగితే చాలు, చీమలు బారులు కడతాయి. ఆ బెల్లం మాత్రం ఎండిపోయి రాయిలా అయ్యేదాకా అలాగే ఉండిపోయింది. దాన్ని పారెయ్యడానికి కూడా నాకు చెయ్యి రాలేదు.

ఆ రోజుల్లోనే ఊరి వాట్సాప్ గ్రూపులో పువ్వు పడిన వీడియో మళ్ళీ తిరిగింది. నేను వద్దనుకుంటూనే చూశాను. పూజారీ పెద్దాయనా రాయి నెత్తిన ఉన్న పువ్వు వైపు చూస్తున్నారు. అత్తయ్య పువ్వు వైపు చూడటం లేదు. ఆవిడ తల గోడ వారకి, కిందికి తిరిగి ఉంది. హారను వినిపించగానే ఆవిడ చెయ్యి అటువైపు చాపింది, బెదిరినవాళ్ళని సముదాయిస్తున్నట్టు. పువ్వు రాలింది ఆ తరవాత. వీడియో ఆవిడకి చూపించి ఏంటిదని అడిగాను.

"లారీకి అది బెదిరిపోనాది. గోడకి అంటుకుపోనాది. అందరూ డప్పులేసుకుని ఎల్లిపోతంటే అక్కడే ఉండిపోనాది" అంది, కూరలో ఉప్పు తక్కువైందని చెప్పినంత మామూలుగా. అప్పటిదాకా అది ఆవిడ బెంగ. ఆ తరవాత నేనూ కిటికీలోంచి ఆ కంకర కుప్పల వైపు చూడటం మొదలెట్టాను. ఎవరూ లేని చోటు అది. ఎవరూ లేరని రోజుకి నాలుగుసార్లు చూసి నిర్ధారించుకునేదాన్ని.

రోడ్డు వెడల్పయింది. గుడి ఉన్న చోట డివైడరు కట్టారు. బళ్ళ వేగం పెరిగింది. విచిత్రమేమిటంటే గుడి లేకపోయినా పాత డ్రైవర్లు అక్కడికి రాగానే ఒక చెయ్యి గుండెకి ఆనించుకుని వెళ్ళేవారు. కొత్తవాళ్ళకి అదేం తెలుసు? అత్తయ్య మాత్రం ఆకు పట్టుకుని ఆ బళ్ళ మధ్యలోంచి డివైడరు దగ్గరికి వెళ్ళడం మానలేదు. మా ఆయన బతిమాలాడు, నేను తిట్టాను. "పిల్ల పస్తుంటాది" అనేది, అంతే.

ఒక సాయంత్రం నేను గుమ్మంలో ఉండగానే టిప్పరు వచ్చింది. అత్తయ్య ఆకు పెట్టి లేస్తోంది. హారను విని ఎవరైనా వెనక్కి జరుగుతారు. ఆవిడ జరగలేదు. చెయ్యి మోకాలి ఎత్తులో పక్కకి చాపి, దేన్నో తన చీర కుచ్చిళ్ళ వెనక్కి లాక్కుని, దాని ముందు అడ్డంగా నిలబడింది. టిప్పరు కీచుమని ఆగింది. డ్రైవరు నోటికొచ్చినట్టు తిట్టాడు. నేను పరిగెత్తి ఆవిడ రెక్క పట్టుకుని ఇంట్లోకి లాక్కొచ్చాను. నాకు భయం వేస్తే కోపం వస్తుంది, చిన్నప్పట్నుంచీ అంతే.

"అంత బెంగగా ఉంటే తీసుకొచ్చెయ్యండి! మీ పిల్లే కదా! అమ్మవారికైతే మంత్రాలూ దారాలూ కావాలి, మీ పిల్లకేం కావాలి? చెయ్యి పట్టుకుని నడిపించుకు రండి. రోజూ ఆ లారీల కింద పడ్డం దేనికి?" అని అరిచాను, కలశం ఉందని కూడా చూడకుండా.

అత్తయ్య నా మొహంలోకి చూసింది. కోపం లేదు. "అలాగ వస్తాదేటి?" అంది.

నేను ఒళ్ళు మండి అన్న మాట అది. నాకేం తెలుసు అనబోయాను. కానీ ఆవిడ నన్ను పూజారిని అడిగినట్టు అడిగింది. ఇన్నేళ్ళలో ఆవిడ నన్ను ఏదీ అలా అడగలేదు.

"వస్తుంది" అన్నాను.

"అయితే ముందర అమ్మ కొత్తింట్లోకి ఎల్లనీ. కాళీ ఇంట్లోకి పిల్లనెలాగ తీసుకెల్తాను?" అని, ఆ రాత్రి కడుపునిండా తిని పడుకుంది. డివైడరు దగ్గరికి మా ఆయనే ఆకు పట్టుకెళ్ళేటట్టు ఒప్పందమైంది.

ఫాల్గుణంలో ప్రతిష్ఠ. పొద్దున్నే డప్పులతో వచ్చి కలశం ఎత్తుకెళ్ళారు. ఊరంతా వెంట నడిచింది, అత్తయ్య కదల్లేదు. గదిలో బల్ల మీద బియ్యం మధ్యలో గుండ్రంగా గుంట మిగిలింది. ఇక మిషను తొక్కుకోవచ్చు. కూర్చున్నాను, కాలు పెట్టాను, తొక్కలేదు. ఇన్నాళ్ళూ ఆ గదిలో ఎవరో ఉన్నారని భయపడ్డదాన్ని, ఇప్పుడు ఎవరూ లేరని అంతకన్నా భయం వేసింది.

మధ్యాహ్నం "వెళ్దామా?" అని నేనే అడిగాను. ఆవిడ గుమ్మంలోకి వెళ్ళి, ఎండలో మెరుస్తున్న రోడ్డు చూసి వచ్చింది.

"ఇప్పుడు కాదు. తారు కాలతాది. దానికి సెప్పుల్లేవు."

ఎండ వాలాక బయల్దేరాం. డివైడరు దగ్గర అత్తయ్య వంగి, చెయ్యి చాపింది. "రాయే. ఎల్దాం. అమ్మ ఆ కొత్తింట్లో ఉన్నాది. బేగి రా." బళ్ళు వస్తున్నాయి, పోతున్నాయి. ఆవిడ అలాగే వంగి ఉంది. ఇక చాల్లెండి అందామని నోరు తెరిచాను. అప్పుడు ఆవిడ భుజం ఒక పక్కకి కొంచెం దిగింది. చిన్నపిల్ల చెయ్యి అందుకున్న ఆడదాని భుజం ఎలా దిగుతుందో నాకు తెలుసు, నేనూ పిల్లల్ని కన్నదాన్నే.

డివైడరు వారనే నడక మొదలైంది. నాలుగడుగులు వేస్తే ఆగేది. కిందికి చూసి, ఏదో చెప్పి, మళ్ళీ కదిలేది. కొత్త గుడి కనిపిస్తూనే ఉంది, మైకు వినిపిస్తూనే ఉంది, మేం మాత్రం ఎంతకీ చేరడం లేదు. బైకుల మీద వెళ్ళేవాళ్ళు మా వైపు వింతగా చూస్తున్నారు. నాకు సిగ్గేసింది. కాసేపటికి చూసుకుంటే నేను కూడా అడుగులు చిన్నవి చేసి నడుస్తున్నాను.

గుడి ఎదురుగా అవతలి రోడ్డు దాటాలి. సగం దాటామో లేదో, బస్సొకటి రయ్యిన వెళ్ళిన గాలికి అత్తయ్య కొంగు జారి కాళ్ళకి చుట్టుకుంది.

"అమ్మీ, దీన్ని ఒక్కపాలి పట్టుకో. కొంగు సర్దుకుంటాను. ఒదిలీకు, బళ్ళు" అని, తన చెయ్యి తెచ్చి నా చేతిలో పెట్టి, తీసేసుకుంది.

ఆవిడ రెండు చేతులా కొంగు సర్దుకుంటోంది. నా చెయ్యి మోకాలి ఎత్తులో ఉంది. అందులో ఏమీ లేదు. వేడి లేదు, బరువు లేదు, ఏ దేవుడి ముందైనా చెప్తాను. చెరుకు లోడు ట్రాక్టరు మా మీదికే వస్తోంది. నేను వంగి, పిల్లని ఎత్తి చంకనేసుకుని, రోడ్డు దాటేశాను.